మాలీ ఆంటీ అరిటాకులు

నాన్న పోయిన నెలకి, ట్రాయ్‌లో ఆయన ఇల్లు ఖాళీ చెయ్యడానికి ప్లేనో నుంచి వెళ్ళాను. పై గదుల పని రెండు రోజుల్లో తేలిపోయింది. మా నాన్న వస్తువులు పోగేసే మనిషి కాదు. మిగిలింది బేస్‌మెంట్. అక్కడ నా చిన్నప్పటినుంచీ పెట్టె ఫ్రీజర్ ఉండే మూలలోనే ఇప్పటికీ ఒక ఫ్రీజర్ ఉంది. మూత ఎత్తితే మామూలు సరుకే. కొబ్బరి తురుము, చేప ముక్కలు, ములక్కాడలు, ఏనాటివో తెలియని రొట్టె పొట్లాలు. అన్నిటికీ అడుగున, ప్లాస్టిక్ సంచిలో చుట్టిన అరిటాకుల కట్ట ఒకటి ఉంది. దాని మీద టేపు అంటించి నాన్న పెన్నుతో రాశారు: "మాలతి గారి ఆకులు. ఎవరూ ముట్టకూడదు." అమ్మ పోయాక ఆ ఇంట్లో ఆయన ఒక్కరే ఉండేవారు. ముట్టడానికి ఎవరున్నారని రాసినట్టు? నేను మెట్ల మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాను. ఆ మాట ఆయన చేత రాయించింది నేనే కాబట్టి. మర్నాడు ఆ కట్ట తీసుకెళ్ళి ఆవిడకి ఇచ్చి వచ్చాను. అప్పుడు మా ఇద్దరి మధ్యా నడిచిన మాటలు మీకు అర్థం కావాలంటే, నేను హైస్కూల్లో ఉన్నప్పటి ఒక ఆదివారం గురించి చెప్పాలి.

మాలతి గారంటే మా మాలీ ఆంటీ. థాయ్‌లాండ్ మనిషి. మా అమ్మ దీవెన నరసాపురం పక్కన నర్సింగ్ చదువుకుని, పెళ్ళయ్యాక నాన్నతో డెట్రాయిట్ వచ్చి ఒక ఆసుపత్రిలో చేరింది. అదే వార్డులో మాలీ ఆంటీ కూడా నర్సే. ఆవిడ పేరుకి అర్థం మల్లెపువ్వని తెలిసిన రోజునుంచీ నాన్న ఆవిడని మాలతి గారనే పిలిచేవారు. ఎన్నిసార్లు దిద్దినా మారలేదు, చివరికి ఆవిడే ఆ పేరుకి పలకడం మొదలుపెట్టింది. అమ్మకీ ఆవిడకీ స్నేహం కుదిరింది చేప దగ్గర. ఒకరోజు లంచ్ రూమ్‌లో మాలీ ఆంటీ వాళ్ళ ఊరి చెరువుల్లో దొరికే చేప గురించి చెబుతూ, అది నీళ్ళు లేకపోయినా బురదలో బతుకుతుందనీ, దాని తల పాము తలలా ఉంటుందనీ చేత్తో చూపించిందట. "అయ్యో, అది మా కొరమీనే!" అని అమ్మ అంత గట్టిగా అరిచేసరికి పక్క బల్లవాళ్ళు తిరిగి చూశారట. ఆ సాయంత్రమే ఆవిడని మా ఇంటికి భోజనానికి తీసుకొచ్చేసింది. ఆవిడ ఇంగ్లీషులో మాట్లాడేది, అమ్మ సగం తెలుగులో జవాబు చెప్పేది. ఇద్దరికీ ఏ ఇబ్బందీ ఉండేది కాదు. ఆవిడ మాటల్ని ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను.

అప్పట్లో మా ఇంటి వారమంతా ఆదివారం చుట్టూ తిరిగేది. తెలుగు చర్చి అంటూ వేరే భవనం లేదు, నెలకొక ఇంట్లో ప్రార్థన కూడిక జరిగేది. శనివారం మధ్యాహ్నం అమ్మ చేపల పులుసు పొయ్యి మీద పెడితే, చలికాలం తలుపులన్నీ బిగించి ఉన్న ఇంట్లో ఆ వాసన ఎటూ పోలేక కర్టెన్లకీ కార్పెట్‌కీ మా స్కూల్ కోట్లకీ పట్టుకునేది. బస్సులో నా పక్క సీటు పిల్ల ముక్కు ఎగబీల్చినప్పుడల్లా నాకు నేలలోకి దిగిపోవాలనిపించేది. అమ్మతో పోట్లాడితే, "తినేటప్పుడు లేని సిగ్గు ఇప్పుడెక్కడ్నించి వచ్చిందే?" అనేది. నాన్న మాత్రం తన ఇంటర్వ్యూ కోటుని గరాజ్‌లో మేకుకి తగిలించేవారు. ఆ ఏడు నాన్నకి ఉద్యోగం పోయింది. కార్ల కంపెనీల్లో అప్పుడు అందరికీ పోతున్నాయి, ఆయన ఒక్కడికే కాదు. కానీ ఇంట్లో ఒక మనిషి పగలంతా డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని అప్లికేషన్లు నింపుతుంటే ఆ మాట ఎవరికి గుర్తుంటుంది? ఆయన నవ్వడం మానేశారు. కూడికల్లో ఎవరైనా "ఏవండీ, ఏమైనా తెలిసిందా?" అని అడుగుతారేమోనని ప్రార్థన అవగానే ప్లేట్లు సర్దే నెపంతో వంటింట్లోకి వచ్చేసేవారు.

మాలీ ఆంటీ మా ఇంట్లో వండే వంటల్లో పెద్ద వంట హో మోక్. చేపని కారంతో, కొబ్బరి పాలతో కలిపి అరిటాకు దొన్నెల్లో పోసి ఆవిరి మీద ఉడికించాలి. ఎండుమిరపకాయలు నానబెట్టి, వెల్లుల్లి, చిన్న ఉల్లిపాయలు, నిమ్మగడ్డి, అల్లంలాంటిదే ఇంకొక దుంప, కాస్త ఎండురొయ్యల ముద్ద వేసి అమ్మ ఇండియా నుంచి తెచ్చుకున్న చిన్న రోట్లో నూరేది. చేపని స్పూనుతో గీకి తీసి, ఆ ముద్ద వేసి, డబ్బా కొబ్బరి పాలు కొంచెం కొంచెంగా పోస్తూ కలపాలి. ఆ కలపడంలోనే ఉంది సంగతంతా. గరిటె ఒకే వైపు తిరగాలి. మధ్యలో రెండో వైపు తిప్పితే విరిగిపోతుందని ఆవిడ గట్టి నమ్మకం. ముద్ద సాగి గరిటెకి అంటుకుని బరువెక్కేదాకా అలా తిప్పుతూనే ఉండాలి. ఆకు దొరికేది కాదు కాబట్టి చిన్న గాజు గిన్నెల్లో పెట్టి ఉడికించేది. తిన్న ప్రతిసారీ మేం ఆహా అనేవాళ్ళం, ఆవిడ మాత్రం తల అడ్డంగా ఊపేది. "ఆకు లేదు. ఇది చేప కస్టర్డ్, హో మోక్ కాదు," అనేది. వాళ్ళమ్మ ఊళ్ళో బజారు మెట్ల మీద కూర్చుని జీవితమంతా అమ్మింది ఇదే. దొన్నెలు కుట్టే పని ఆవిడ పిల్లలది. ఆ అమ్మిన డబ్బుతోనే మాలీ ఆంటీ నర్సు అయింది.

ఆ చలికాలంలో వాళ్ళమ్మ చనిపోయింది. ఆంటీ కాగితాలు అప్పుడు ఇమ్మిగ్రేషన్ ఆఫీసులో ఉన్నాయి. దేశం దాటితే మళ్ళీ రానిస్తారో లేదో లాయర్ చెప్పలేకపోయాడు. వెళ్ళలేదు. వార్డులో డ్యూటీ చేస్తూనే ఉందిట, ఏడవలేదుట, అమ్మ చెప్పింది. వాళ్ళ ఆచారంలో నూరో రోజున బౌద్ధ సన్యాసులకి భోజనం పెట్టి ఆ పుణ్యాన్ని పోయినవాళ్ళకి ధారపోస్తారు. చావుకి వెళ్ళలేనిదానికి ఆ నూరో రోజే మిగిలింది. ఆ రోజు వాళ్ళమ్మ చేసినట్టుగానే, ఆకులోనే, హో మోక్ పెట్టాలని పట్టుబట్టింది. ఫ్లోరిడాలో వాళ్ళ చుట్టం ఒకరి పెరట్లో అరటి చెట్లున్నాయని తెలిసి, బతిమాలి, పెట్టెలో ఆకులు తెప్పించుకుంది. ఆవిడ ఉండే అపార్ట్‌మెంట్ ఫ్రిజ్‌లో ఐస్ ట్రే పెడితే ఇంకేం పట్టదు. ఒక బుధవారం నేను స్కూల్ నుంచి వచ్చేసరికి ఆ పెట్టెతో మా గుమ్మంలో నిలబడి ఉంది. అమ్మ డ్యూటీలో ఉంది, నాన్న ఏదో ఇంటర్వ్యూకి వెళ్ళారు. ఇద్దరం కలిసి తడిగుడ్డతో ఒక్కొక్క ఆకూ తుడిచి, చుట్టి, ఫ్రీజర్‌లో పెట్టాం. "ఇది మా అమ్మ కోసం. వచ్చే సోమవారం నూరో రోజు. ఆదివారం సాయంత్రం వచ్చి వండుకుంటాను. ఈ వారం మా షిఫ్టులు కలవవు, మీ అమ్మకి నువ్వు చెప్పు," అంది. సరేనన్నాను. అమ్మ ఆ వారం రెండు షిఫ్టులు చేస్తోంది. చెప్పడం మరిచిపోయాను. అది నిజంగానే మరుపు. దానికి నన్ను నేను ఎప్పుడో క్షమించుకున్నాను.

ఆ ఆదివారం కూడిక మా ఇంట్లోనే. అమ్మకి డ్యూటీ పడింది. వంటంతా ముందురోజే చేసి, ఏది ఎప్పుడు వేడి చెయ్యాలో చీటీ రాసి ఫ్రిజ్‌కి అంటించి వెళ్ళింది. ఇరవై రెండు మంది వచ్చారు, షికాగో నుంచి పాస్టరు గారితో సహా. ప్రార్థన నడుస్తుండగా ఐస్ కోసం నాన్న బేస్‌మెంట్‌లోకి దిగారు. రెండు నిమిషాల్లో నన్ను చెయ్యి ఊపి పిలిచారు. వెళ్ళేసరికి ఆకుల చుట్ట రెండు చేతులతోనూ పట్టుకుని ఉన్నారు.

"అమ్మాయ్! అరిటాకులే! మీ అమ్మ తెప్పించిందేంటి, ఇయ్యాళ కోసం?"

ఆయన మొహంలో నవ్వు. ఎన్ని నెలల తరవాతో. గడ్డకట్టిన ఆకు తగిలి వేళ్ళు ఎర్రబడుతున్నా వదలడంలేదు. పైన పాస్టరు గారు నాన్న ఉద్యోగం కోసం పేరు పెట్టి ప్రార్థిస్తున్నారు, మా ఇద్దరికీ వినిపిస్తోంది. నాకు అంతా తెలుసు. ఎవరి ఆకులో, ఎందుకో, ఏ రోజుకో.

"ఊఁ. అమ్మే తెప్పించింది," అన్నాను.

ఆ తరవాతి గంట మా నాన్నదే. వేడినీళ్ళలో ముంచి ఆకుల్ని మెత్తబరిచి, కత్తెరతో కత్తిరించి, హాల్లో కార్పెట్ మీద దుప్పట్లు పరిచి, అందరినీ బాసింపట్టు వేసుకుని కూర్చోమన్నారు. కొస ఎడమవైపు రావాలని వంగి వంగి ఒక్కొక్కరి ఆకూ సరిచేశారు. "ప్రసాదరావు గారూ, మిచిగన్‌లో అరిటాకులో భోజనం పెట్టేశారేంటండీ!" అంటే, "మాదేముందండీ, అంతా మా ఆవిడ ప్లానింగే," అని మురిసిపోయారు. కొడుకు దగ్గరికి కొత్తగా వచ్చిన ఏలూరు పెద్దావిడ ఒకామె అన్నం కలపకుండా ఆకునే కాసేపు చేత్తో నిమిరింది. ఆరోజు ఎవరూ ఆయన్ని ఉద్యోగం గురించి అడగలేదు. అడిగినా ఆయన వంటింట్లోకి పారిపోయేవారు కాదేమో. నేను వడ్డిస్తూ, ఒక్క ఆకైనా మిగులుతుందేమోనని లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను. మిగల్లేదు. తిన్నవాళ్ళు ఆకులు తమవైపు మడిచి లేచారు. నేనే వాటిని నల్ల చెత్త సంచిలో వేసి మూతి కట్టాను.

నాలుగింటికి అమ్మ వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండానే వెళ్ళి నడుం వాల్చింది. అయిదింటికి, బజారు సంచుల నిండా సామాన్లతో మాలీ ఆంటీ వచ్చింది. వస్తూనే, అప్పుడే నిద్ర లేచిన అమ్మని చూసి, "ఆకులు పైకి తెచ్చావా?" అంది. అమ్మకి అర్థం కాలేదు. నాన్నకి వెంటనే అయింది. ఆయన మొహం పాలిపోవడం నేను చూశాను.

మధ్యాహ్నం ఆ ఆకుల్లో భోజనాలు పెట్టేశామని నాన్న చెప్పినా, ఆంటీ కిందకి వెళ్ళి ఫ్రీజర్ చూసి వచ్చింది. కోటు విప్పకుండానే కుర్చీలో కూర్చుంది. "ఎంతమంది తిన్నారు?" అని అడిగింది. ఇరవై రెండు మందని నాన్న చెప్పారు. "బాగా తిన్నారా?" అంది. తిన్నారన్నారు. అప్పుడు ఏడ్చింది. నూరు రోజుల ఏడుపూ మా వంటింట్లో ఏడ్చింది. అమ్మ నాన్న వైపు తిరిగి, "ఎవర్నైనా అడగాలిగా అండీ! ఆస్పత్రికి ఒక్క ఫోన్ కొట్టాలిగా! ఇంట్లో పిల్ల ఉందిగా!" అని గదమాయించింది.

నాన్న నా వైపు చూడలేదు. "ఎవర్నీ అడగలేదు దీవెనా. కనబడ్డాయి, తీసేశాను. తప్పు నాదే," అన్నారు. మళ్ళీ అదే మాట ఇంగ్లీషులో ఆంటీకి, చేతులు జోడించి చెప్పారు. ఆంటీ తల ఎత్తి నా వైపు చూసింది. నాకు తెలుసని ఆవిడకి తెలుసు కదా. నేను సింకు దగ్గర నిలబడి కడిగిన గిన్నెనే మళ్ళీ కడుగుతున్నాను. నాకు తెలుసన్న సంగతి ఆంటీ దగ్గర ఉంది, నన్ను అడిగారన్న సంగతి నాన్న దగ్గర ఉంది. ఆ రెండూ కలిస్తే నా పని అయిపోయేది. ఇద్దరూ పెదవి విప్పలేదు.

వంట మాత్రం ఆగలేదు. రేకు కాగితంలో చుడదామని అమ్మ అంటే ఆంటీ ఒప్పుకోలేదు. గాజు గిన్నెలూ వద్దంది. అమ్మ కాసేపు ఆలోచించి, అటక మీద నుంచి ఇడ్లీ పాత్ర దింపింది. నాలుగు ప్లేట్లు, పదహారు గుంటలు. ఒక్కొక్క గుంటలో క్యాబేజీ ఆకు ముక్క పరిచి, దానిమీద చేప ముద్ద పెడదామంది. ఆంటీ ఆ ప్లేట్లని అటూ ఇటూ తిప్పి చూసి, కళ్ళు తుడుచుకుని, కోటు విప్పింది. అమ్మ రోట్లో నూరింది. కలిపే పని ఇమ్మని నాన్న అడిగారు. ఒకే వైపు తిప్పాలని ఆంటీ చెప్పింది. ముప్పావు గంట ఆయన ఆ గిన్నెని పొట్టకి ఆనించుకుని, చెయ్యి మార్చకుండా, ఒక్కసారి కూడా వెనక్కి తిప్పకుండా కలిపారు. చొక్కా వీపు తడిసిపోయింది. మానెయ్యమని అమ్మ రెండుసార్లు అంది, వినలేదు. ఆయన పక్కనే నిలబడి కొబ్బరి పాలు కొంచెం కొంచెంగా పోసింది నేను. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఏముంటుంది? నేను పాలు పోశాను.

మర్నాడు నాన్నే ఆంటీని కార్‌లో తీసుకెళ్ళారు. థాయ్‌వాళ్ళ గుడి అంటే అప్పుడు మామూలు ఇల్లే, గరాజ్‌తో సహా. సన్యాసులు మధ్యాహ్నం పన్నెండు దాటితే ఏమీ తినరు కాబట్టి పెందలాడే బయల్దేరారు. పోయినవాళ్ళ పేరున ఏదీ పెట్టని మతంలో పుట్టి పెరిగిన మనిషి మా నాన్న. వెనక గోడకి ఆనుకుని కూర్చుని, తనకి వచ్చిన ప్రార్థన తను చేసుకున్నారట. ఇడ్లీల్లా గుండ్రంగా, పైన మిరపకాయ ముక్క పెట్టి ఉన్న హో మోక్ చూసి పెద్ద సన్యాసి నవ్వి, రెండోసారి పెట్టించుకున్నాడని వచ్చి చెప్పారు. అమ్మ ఊపిరి పీల్చుకుంది. నేను హోమ్‌వర్క్ ఉందని పైకి వెళ్ళిపోయాను.

ఆ ఎండాకాలానికి నాన్నకి ఉద్యోగం దొరికింది. ఆ తరవాత ఏటా ఆంటీ వాళ్ళమ్మ తిథికి ఆకులు తెచ్చే పని ఆయన నెత్తిన వేసుకున్నారు. డెట్రాయిట్‌లో దొరకని రోజుల్లో షికాగో దాకా డ్రైవ్ చేసేవారు. నేను కాలేజీలో ఉండగా ఒకసారి తోడు వెళ్ళాను. తిరిగొచ్చేటప్పుడు కార్‌లో ఆయనే ఎత్తారు ఆ మాట.

"ఆ రోజు నువ్వేదో అనుకుని ఊఁ అన్నావు. పిల్లవి, నీకేం తెలుసు? నేను మీ అమ్మకి ఫోన్ చెయ్యాల్సింది. నువ్వేం మనసులో పెట్టుకోకు."

అయిదు గంటల ప్రయాణం. అప్పటికి ఇంకా మూడు గంటల దారి మిగిలే ఉంది. నేను రేడియో స్టేషన్ మార్చాను.

ఇప్పుడు ప్లేనోలో మా ఇంటి దగ్గర ఏ షాపుకి వెళ్ళినా అరిటాకులు కట్టలు కట్టలు. పెళ్ళిళ్ళలో బల్లల మీద పరిచి, వాటి మీద పేపర్ ప్లేట్లు పెడుతున్నారు. అలా అని ఆ రోజులే గొప్పవని నేను అనను. చలి, బెంగ, ఎదుటివాళ్ళు ముక్కు మూసుకుంటారన్న భయం, అవే ఎక్కువ. కాకపోతే అప్పుడు ఒక మనిషికి ఏది దొరకడం ఎంత కష్టమో పక్కవాళ్ళకి తెలిసేది. నాకూ తెలుసు. తెలిసే చేశాను.

మాలీ ఆంటీకి ఇప్పుడు ఎనభై దాటాయి. కొడుకు ఇంట్లో కింది గదిలో ఉంటోంది. ఆకులు అందుకుని ఫ్రీజర్‌లో పెట్టించి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. ఇక ఎవరి దగ్గరా దాచాల్సిన పని లేదు కాబట్టి చెప్పేశాను. ఆ రోజు నాన్న నన్ను అడిగారనీ, అమ్మ తెప్పించిందని నేనే అన్నాననీ.

ఆవిడ నా వైపు తిరిగింది. "నిన్ను అడిగాడా? నాతో ఎవరినీ అడగలేదనే చెప్పాడు. ఏటా ఆకులు ఇచ్చినప్పుడల్లా అదే చెప్పి క్షమించమనేవాడు," అంది.

నా మనసులో ఒక ఆశ ఉంది. నాన్నకి ఎలాగోలా తెలిసే ఉంటుందని ఆవిడ అంటుందని. ఇలాంటప్పుడు మనవాళ్ళెవరైనా అలాగే అంటారు. ఉండబట్టలేక అడిగేశాను. "నాకు తెలుసన్న సంగతి నాన్నతో మీరెప్పుడైనా అన్నారా ఆంటీ?"

"లేదు. ఆయనకి తెలియదు," అంది. కోపంగా కాదు, వార్డులో రోగి బంధువులకి చెప్పినట్టు, నెమ్మదిగా. "నువ్వే చెబుతావని ఎదురుచూశాను. రెండేళ్ళు చూశాను. తరవాత చూడటం మానేశాను."